తిరగని మోటారు: ఒక పాత ఔట్‌బోర్డు రిపేరు డైరీ

1వ రోజు

మామయ్య పడవ మోటారు ఇవాళ నా షెడ్డుకి వచ్చింది. పదిహేను హార్స్‌పవర్ ఔట్‌బోర్డు, అంటే పడవ వెనక బయటికి తగిలించే మోటారు. టూ స్ట్రోక్, రెండు సిలిండర్లు. తాడు లాగి స్టార్ట్ చెయ్యొచ్చు, తాళం తిప్పి కూడా చెయ్యొచ్చు. వయసు ముప్పై ఏళ్ల దాకా ఉంటుంది. రెండేళ్లుగా వాడకం లేదు. స్టాండుకి బిగించి పై మూత తీస్తే లోపల సాలెగూళ్లు, అక్కడక్కడ తెల్లటి ఉప్పు మరకలు ఉన్నాయి. విరిగినదీ ఊడినదీ ఏమీ కనబడలేదు.

"బ్యాటరీ కొత్తదేరా, మొన్ననే మార్చాను. అయినా తాళం తిప్పితే టక్కుమంటుంది, అంతే" అన్నాడు మామయ్య.

తిప్పాను. టక్. మళ్లీ తిప్పాను. టక్. ఆ చప్పుడు వింటే ఎవరికైనా ముందు బ్యాటరీ, స్టార్టర్ గుర్తొస్తాయి. నేనూ మల్టీమీటర్ కోసమే లేచాను. ఎందుకో ఆగి, తాడు పట్టుకుని లాగి చూశాను. అది కూడా రాలేదు. తాడుకి కరెంటుతో పని లేదు కదా. అంటే ముందు చూడాల్సింది వైర్లు కాదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. చాలా మోటార్లలో గేరు న్యూట్రల్‌లో లేకపోతే తాడు రాకుండా ఒక లాకు ఉంటుంది. గేరు దగ్గర్నుంచి తాడు చక్రం దాకా సన్నటి కేబుల్ వస్తుంది. ఆ కేబుల్ సాగిపోతే న్యూట్రల్‌లో ఉన్నా లాకు వదలదు. ఈ అనుమానం ఉంచుకోవడం ఇష్టం లేక మూడు బోల్టులు విప్పి తాడు అసెంబ్లీ మొత్తం తీసి పక్కన పెట్టాను. స్టార్టర్ మీదుండే చిన్న పళ్లచక్రం పైకి లేచి ఫ్లైవీల్ (ఇంజన్ పైనుండే బరువైన చక్రం) పళ్లలో ఇరుక్కుపోయిందేమో చూశాను. లేదు, కిందే ఉంది. బ్యాటరీ తీగలు ఊడదీసి, రెండు చేతులతో ఫ్లైవీల్ పట్టుకుని గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పబోయాను. గోడని నెట్టినట్టే ఉంది. వెంట్రుక వాసి కూడా కదల్లేదు.

స్టార్ట్ అవ్వకపోవడం వేరు, తిరగకపోవడం వేరు. ఇది రెండోది. పెట్రోలు, కార్బురేటర్, నిప్పు రవ్వ, వీటి ఊసే ఇప్పుడు అనవసరం.

2వ రోజు

స్పార్క్ ప్లగ్గులు రెండూ తీశాను. పై సిలిండర్‌ది సులువుగా వచ్చింది. నల్లగా, నూనె జిడ్డుతో, పాత టూ స్ట్రోక్ మోటారు ప్లగ్గు తరచూ ఉండేలాగే ఉంది. కింది సిలిండర్‌ది మాత్రం కీచుమంటూ, ప్రతి మర దగ్గరా పట్టుకుంటూ వచ్చింది. దాన్ని వెలుతురులో పెట్టి చూశాను. కొస మీద వంగి ఉండే ఇనప కొక్కెం పొరలు పొరలుగా ఎర్రబారి, గోటితో గీరితే పొడిగా రాలింది. తెల్లటి పింగాణీ చుట్టూ గోధుమ రంగు గీత ఒకటి గుండ్రంగా ఉంది, కుండలో నీళ్లు చాన్నాళ్లు నిలవుంటే పడే చారలాగా. ప్లగ్గు రంధ్రం కింద గుడ్డ పెడితే నాలుగు చుక్కల తుప్పు నీళ్లు కారాయి.

సిలిండర్ నిండా నీళ్లుంటే పిస్టన్ కదలదు. గాలి నలుగుతుంది గాని నీళ్లు నలగవు. అలాంటప్పుడు ప్లగ్గులు తీయగానే ఇంజన్ తిరిగి, నీళ్లు బయటికి చిమ్ముతాయి. నాకు ఆ అదృష్టం లేదు. ప్లగ్గులు తీశాక కూడా ఫ్లైవీల్ అలాగే మొండికేసింది.

సాయంత్రం గేరుబాక్సు నూనె దించాను. కింది స్క్రూ తీసి, తర్వాత పై స్క్రూ తీస్తే గాలి ఆడి నూనె దిగుతుంది. ముందు కొంచెం నీళ్లు, ఆ వెనకే పాలు కలిపినట్టు తెల్లటి నూనె వచ్చింది. గేరుబాక్సులోకి నీళ్లు వెళ్లాయన్నమాట. ఇప్పుడు అనుమానాలు రెండయ్యాయి. పట్టేసింది పైనున్న ఇంజనా, కిందున్న గేర్లా? ఇంజన్ నుంచి గేర్ల దాకా ఒకటే నిలువు షాఫ్టు. ఏ కొస పట్టేసినా ఫ్లైవీల్ దగ్గర నా చేతులకి ఒకేలా తెలుస్తుంది.

4వ రోజు

రెండింటినీ విడదీస్తే గాని తేలదు. కింది భాగం దించాలి.

అయిదు బోల్టులు. నాలుగు కంటికి కనబడతాయి. అయిదోది ప్రొపెల్లర్ పైన చిన్న చుక్కాని రెక్కలా ఉండే జింకు ముక్క వెనకాల దాక్కుని ఉంటుంది. అది తెలియక చాలామంది కింది భాగాన్ని స్క్రూడ్రైవర్‌తో పెకలించి అల్యూమినియం అంచులు పాడుచేస్తారు. పెకలించాల్సిన అవసరం వస్తోందంటే ఎక్కడో బోల్టు మిగిలిందని అర్థం. గేరు రాడ్డు జాయింటు విప్పడం కూడా మరిచిపోకూడదు.

నాలుగు బోల్టులు వచ్చాయి, ఒకటి రాలేదు. ఉప్పు నీళ్లలో స్టీలు బోల్టు, అల్యూమినియం కలిసి ఉంటే అల్యూమినియం తినేసుకుపోయి తెల్లటి పొడి అవుతుంది. ఆ పొడి సిమెంటులా బోల్టుని పట్టేస్తుంది. గట్టిగా తిప్పితే తల తెగి చేతిలోకొస్తుంది. వేడిగాలి గన్‌తో బోల్టు చుట్టూ ఉన్న అల్యూమినియాన్ని వేడి చేశాను. చల్లారాక తుప్పు వదిలించే నూనె వేసి, చిన్న సుత్తితో తల మీద తట్టాను. స్పానర్‌తో కొంచెం బిగించే వైపు, కొంచెం విప్పే వైపు తిప్పాను. ఇలా రెండు గంటలు. చివరికి "టిక్" మని ఒక సన్నటి చప్పుడు వచ్చింది. తల తెగిందనుకుని గుండె ఆగినంత పనైంది. తెగలేదు, బోల్టే వదిలింది.

కింది భాగం దించి షాఫ్టుని చేత్తో తిప్పాను. కొంచెం గరగరమన్నా తిరిగింది. గేర్లు బాగానే ఉన్నాయి. మళ్లీ ఫ్లైవీల్ పట్టుకున్నాను. కదల్లేదు. ఇంజనే పట్టేసింది. నాలుగు రోజుల్లో నాకు చేతికొచ్చిన మొదటి గట్టి నిజం ఇది. ఇక గేర్ల గురించి టెన్షన్ పడక్కర్లేదు.

5వ రోజు

ప్లగ్గు రంధ్రంలోంచి చిన్న కెమెరా దించి చూశాను. పై సిలిండర్ గోడలు మెరుస్తున్నాయి. కింది సిలిండర్‌లో పిస్టన్ సగం దూరంలో ఆగిపోయి ఉంది. దాని అంచు దగ్గర గోడ చుట్టూ తుప్పు కట్టు. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అక్కడే గోడకి అతుక్కుపోయాయి.

పట్టింది కింది సిలిండరే కావడంలో వింత లేదు. ఔట్‌బోర్డులో క్రాంక్‌షాఫ్టు, అంటే పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు, నిలువుగా ఉంటుంది. ఓలే ఎవిన్‌రూడ్ 1909లో చేసిన మోటారు దగ్గర్నుంచీ ఆ అమరిక అదే. షాఫ్టు నిలువు కాబట్టి సిలిండర్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు అడ్డంగా పడుకుని ఉంటాయి. నీళ్లు ఎటునుంచి వచ్చినా చివరికి చేరేది అడుగుకే.

అడ్డంగా పడుకున్న సిలిండర్‌తో ఇంకో తంటా ఉంది. ప్లగ్గు రంధ్రంలో నూనె పోస్తే గోడ అడుగు మాత్రమే తడుస్తుంది, పైవైపు రింగుకి అందదు. అందుకని మోటారుని పూర్తిగా పైకి టిల్ట్ చేసి లాక్ చేశాను. అలా ఎత్తినప్పుడు వెనక్కి చూసే సిలిండర్ హెడ్డు (సిలిండర్ల మూత) ఇంచుమించు ఆకాశం వైపు తిరుగుతుంది. అప్పుడు పోసిన నూనె పిస్టన్ తల మీద నిలిచి, చుట్టూరా రింగుల్లోకి దిగుతుంది. ఆటోమేటిక్ గేరుబాక్సులకి వాడే ఎర్ర నూనె సగం, అసిటోన్ సగం కలిపి పోశాను. అసిటోన్ నూనెని పల్చబరిచి సందుల్లోకి దించుతుంది. రెండూ కలిసి ఉండవు, సీసా ఊపి వెంటనే పోయాలి. అసిటోన్ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది కాబట్టి షెడ్డు తలుపులు బార్లా తెరిచాను, బ్యాటరీని బయట పెట్టేశాను.

6, 7, 8 రోజులు

రోజూ పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి నూనె పోయడం, ఫ్లైవీల్ మీద చెయ్యి వేసి చూడడం. ఏమీ లేదు.

ఎనిమిదో రోజు ఓపిక నశించింది. ఫ్లైవీల్ నట్టుకి సాకెట్ తొడిగి, దాని పిడికి నాలుగు అడుగుల పైపు తగిలించబోయాను. మామయ్య చెయ్యి పట్టుకుని ఆపాడు. "బలవంతం చెయ్యకురా. రెండేళ్లు పట్టి బిగుసుకుంది, రెండు రోజుల్లో వదలమంటే ఎలా వదులుతుంది?"

ఆయన ఆపకపోతే ఏమయ్యేదో నాకు తెలుసు. అంత పొడవు పైపుతో మనిషి బరువు వేస్తే రింగు విరగొచ్చు, కనెక్టింగ్ రాడ్డు వంగొచ్చు. ప్లగ్గు రంధ్రంలోంచి కడ్డీ పెట్టి పిస్టన్ నెత్తిన సుత్తితో కొట్టేవాళ్లూ ఉన్నారు. అల్యూమినియం పిస్టన్‌కి బొక్క పడ్డాక ఇక చేసేదేమీ ఉండదు. పైపు తీసుకెళ్లి ఇంటి వెనక పెట్టేశాను.

9వ రోజు

ఫ్లైవీల్ అంచు మీద సుద్దతో ఒక గీత, దానికి ఎదురుగా ఇంజన్ బాడీ మీద ఒక గీత గీశాను. కదిలిందో లేదో చెయ్యి అబద్ధం చెప్పొచ్చు, గీత చెప్పదు. మామూలు పొడవు పిడితో ఒత్తి, వదిలి, ఒత్తి, వదిలి చూశాను. వెనక్కి తిప్పడానికి మాత్రం నట్టు వాడలేదు, వాడితే అది విప్పుకుంటుంది. బెల్టు స్పానర్‌ని ఫ్లైవీల్ చుట్టూ వేసి లాగాను. మామూలుగా ఔట్‌బోర్డుని వెనక్కి తిప్పకూడదు, పంపులోని రబ్బరు రెక్కలు ఎదురు మడతపడతాయి. ఇప్పుడు కింది భాగమే ఊడదీసి ఉంది కాబట్టి ఆ భయం లేదు.

రాత్రి తొమ్మిదింటికి చూస్తే రెండు గీతల మధ్య రెండు మిల్లీమీటర్ల తేడా ఉంది.

మామయ్యకి ఫోన్ చేసి చెప్పాను. "రెండు మిల్లీమీటర్లా!" అని ఆయన సంబరపడిన తీరు ఇంకా చెవుల్లో ఉంది.

10వ రోజు

ముందుకి రెండు, వెనక్కి రెండు, మళ్లీ నూనె. ముందుకి అయిదు. మధ్యాహ్నానికి అరచెయ్యంత. ప్రతిసారీ వెనక్కి తెచ్చి, రాలిన తుప్పుని నూనెతో కడిగి మళ్లీ ముందుకి. ఒక్కసారిగా తిప్పేస్తే ఆ తుప్పు పొడే గోడని గీరేస్తుంది. నాలుగు గంటలకి పూర్తి చుట్టు తిరిగింది. పిస్టన్ పైకొచ్చినప్పుడు ప్లగ్గు రంధ్రంలోంచి గోధుమ రంగు నూనె బుడగలు బుడగలుగా ఉబికింది. ఊరికే పది చుట్లు తిప్పాను, ఆ మెత్తదనం చేతికి తెలియాలని.

13వ రోజు

తిరిగింది కదా అని ప్లగ్గులు పెట్టి స్టార్ట్ చేసేవాణ్ణే. కానీ ఆ నీళ్లు ఎలా వచ్చాయో తెలియకుండా స్టార్ట్ చేస్తే మళ్లీ ఇదే కథ. సిలిండర్ హెడ్డు విప్పాను.

సమాధానం గాస్కెట్ మీద, అంటే హెడ్డుకీ సిలిండర్లకీ మధ్య ఉండే పల్చటి పొర మీద, రాసి ఉంది. చల్లబరిచే నీళ్లు తిరిగే రంధ్రం నుంచి కింది సిలిండర్ అంచు దాకా నత్త పాకిన జాడలా సన్నటి తెల్లని గీత. ఆ దారినే నీళ్లు బొట్టు బొట్టుగా లోపలికి వెళ్లాయి. గాస్కెట్ ఊరికే పోదు. హెడ్డుని మందపాటి అద్దం మీద బోర్లిస్తే ఒక మూల టకటక ఊగింది. వేడికి వంగింది. మరి వేడెందుకు ఎక్కింది? కింది భాగంలోని నీళ్ల పంపు మూత తీశాను. ఆరు రబ్బరు రెక్కలుండాలి. నాలుగే ఉన్నాయి. అవి కూడా ఎండిన తోలులా గట్టిపడి ఒక పక్కకి వాలిపోయాయి.

"ఆఖరిసారి పడవ తీసుకెళ్లినప్పుడు మోటారు బాగా వేడెక్కిందా మామయ్యా?"

ఆయన కాసేపు ఆలోచించాడు. "ఒడ్డుకొచ్చేసరికి వాసన వచ్చిందిరా. కాలిన వాసన. మరునాడు చూద్దాంలే అనుకున్నాను."

విరిగిన రెండు రెక్కల్లో ఒకటి నీళ్ల గొట్టం అడుగున దొరికింది. రెండోది ఎంత వెతికినా కనబడలేదు. థర్మోస్టాట్ అర విప్పి చూశాను, అక్కడా లేదు.

అద్దం మీద నీటి గరుకు కాగితం అంటించి, హెడ్డుని ఎనిమిది అంకె ఆకారంలో రుద్దాను. మచ్చలన్నీ పోయి ఒకే రంగు మెరుపు వచ్చేదాకా రుద్దాల్సిందే. గోడ మీది తుప్పు మచ్చల్ని నూనెలో ముంచిన పీచుతో పాలిష్ చేశాను. కొన్ని గుంటలు మిగిలాయి. పోర్టులోంచి (సిలిండర్ గోడలో ఉండే రంధ్రం) చెక్క పుల్లతో రింగుల్ని నొక్కితే స్ప్రింగులా లోపలికెళ్లి బయటికొచ్చాయి. అతుక్కుపోలేదు. ఇంజన్ మొత్తం విప్పి సిలిండర్ బోర్ చేయించాలా, అంటే గోడని చెక్కించి నునుపు చేయించాలా అని చాలాసేపు ఆలోచించాను. కంప్రెషన్, అంటే పిస్టన్ గాలిని నొక్కినప్పుడు వచ్చే ఒత్తిడి, చూశాకే ఆ మాట అనుకున్నాను.

15వ రోజు

కొత్త గాస్కెట్, కొత్త ఇంపెల్లర్ (పంపులోని రబ్బరు రెక్కల చక్రం). హెడ్డు బోల్టులు మధ్య నుంచి అంచులకి, మూడు విడతలుగా, బిగింపు కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించాను. ప్రొపెల్లర్ తీస్తే దాని వెనక షాఫ్టుకి గాలం దారం గుత్తుగా చుట్టుకుని ఉంది. అదే ఆయిల్ సీలుని కోసింది, గేరు నూనె తెల్లబడింది అందుకే. సీలు మార్చి కొత్త గేరు నూనె కింది రంధ్రం నుంచి పైకి ఎక్కించాను. షాఫ్టు పళ్లకి గ్రీజు రాసి, కొసకి మాత్రం రాయకుండా కింది భాగం ఎక్కించాను. కొస మీద గ్రీజు ఉంటే షాఫ్టు పూర్తిగా పైకి కూర్చోదు.

17వ రోజు

ఇప్పుడు తాడుతో ఇంజన్ హాయిగా తిరుగుతోంది. తాళం తిప్పితే మళ్లీ అదే టక్.

మల్టీమీటర్ వంతు ఇప్పుడొచ్చింది. ఊరికే ఉన్నప్పుడు బ్యాటరీ 12.6 వోల్టులు. తాళం తిప్పి పట్టుకున్నప్పుడు 12.4. బ్యాటరీ నీరసంగా ఉంటే ఆ క్షణంలో బాగా కిందికి పడాలి. పడలేదంటే దాని బలం స్టార్టర్ దాకా వెళ్లడం లేదు. తాళం అలాగే పట్టుకోమని మామయ్యకి చెప్పి ఒక్కో మజిలీ కొలుచుకుంటూ వెళ్లాను. బ్యాటరీ నెగెటివ్ నుంచి ఇంజన్ బాడీకి 0.1. పాజిటివ్ కేబుళ్ల మీద మొత్తం 0.3. స్టార్టర్ దగ్గర 3. మిగతా తొమ్మిది వోల్టులు ఎక్కడ? స్టార్టర్‌కి కరెంటు కలిపే స్విచ్చు, సొలెనాయిడ్, దాని రెండు పెద్ద బోల్టుల మధ్య. అవి కలిసినప్పుడు అక్కడ మీటరు సున్నాకి దగ్గరగా చూపించాలి. లోపలి రాగి బిళ్ల కాలిపోయింది.

ఎందుకు కాలిందో కూడా తెలిసింది. "ఇటొచ్చినప్పుడల్లా ఒకసారి తాళం తిప్పి చూసేవాణ్ణిరా, తిరుగుతుందేమోనని. కాసేపు పట్టి ఉంచేవాణ్ణి" అన్నాడు మామయ్య. తిరిగే స్టార్టర్ తనలోకొచ్చే కరెంటుని తానే కొంత అడ్డుకుంటుంది. తిరగలేక ఆగిపోయిన స్టార్టర్‌కి ఆ అడ్డు ఉండదు, అందుకే దాని కరెంటు అన్నిటికంటే ఎక్కువ. ఆ దెబ్బకి బిళ్ల కాలింది. కాలిపోయాక టక్కుమంటుంటే ఆయన బ్యాటరీ మార్చాడు. రబ్బరు రెక్క విరిగింది, ఇంజన్ వేడెక్కింది, హెడ్డు వంగింది, గాస్కెట్ పోయింది, నీళ్లు దిగాయి, తుప్పు పట్టింది, సొలెనాయిడ్ కాలింది. మేమిద్దరం మొదటి రోజు విన్న టక్ ఈ వరసలో అన్నిటికంటే చివరిది.

సొలెనాయిడ్ మార్చాను. స్టార్టర్ విప్పి, అరిగిన బ్రష్షులు మార్చి, మసి తుడిచాను. తాళం తిప్పగానే ఇంజన్ గిర్రున తిరిగింది. బ్యాటరీ 10.8 దగ్గర నిలబడింది.

18వ రోజు

కంప్రెషన్. ప్లగ్గులు రెండూ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ప్లగ్గు తీగలు బాడీకి ఆనించి కొలిచాను. పైది 104 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత), కిందిది 78. రెండింటి మధ్య పది, పదిహేను శాతానికి మించి తేడా ఉండకూడదు. ఇక్కడ పాతిక శాతం ఉంది. రింగుల సందుల్లో మసి ఇంకా ఉందని నా నమ్మకం. మసి కరిగించే ద్రావకం పోసి రాత్రంతా వదిలేశాను. కార్బురేటర్ శుభ్రం చేశాను, పాత పెట్రోలు పారబోశాను, రెండు ప్లగ్గుల్లోనూ నీలి రవ్వ కనబడింది.

20వ రోజు

పెద్ద డ్రమ్ములో నీళ్లు నింపి మోటారుని అందులో దించాను. నీళ్లు లేకుండా అర నిమిషం తిప్పినా కొత్త ఇంపెల్లర్ కాలిపోవచ్చు. ఈ మోటారుకి మామూలుగా 50:1, అంటే లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ నూనె. మొదటి ట్యాంకుకి లీటరుకి 40 చొప్పున కలిపాను. తాళం మామయ్య చేతికిచ్చాను.

మూడోసారికి అంటుకుంది. షెడ్డంతా తెల్లటి పొగ. ముందు ఒక సిలిండర్ మీదే కుంటుతున్నట్టు నడిచింది. అర నిమిషం తర్వాత కింది సిలిండర్ కూడా అందుకుంది. ఆ చప్పుడు మారడం మా ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. మామయ్య ఏమీ అనలేదు, నా భుజం మీద చెయ్యి వేశాడు.

కానీ నా కళ్లు చప్పుడు మీద లేవు, పక్కనుంచి వచ్చే నీటి ధార మీద ఉన్నాయి. పంపు పనిచేస్తోందని చెప్పే ధార అది. దారంలా సన్నగా వస్తోంది. వెంటనే ఆపేశాను.

ధార వచ్చే రంధ్రంలో సన్నటి తీగ పెట్టి కెలికాను. ఏమీ రాలేదు. లోపలివైపు గొట్టం ఊడదీసి, దాని మలుపు దగ్గర వేలితో నొక్కితే గట్టిగా ఏదో తగిలింది. పట్టకారుతో లాగితే గోరంత నల్లటి రబ్బరు ముక్క. పాత ఇంపెల్లర్ పక్కన పెట్టి చూశాను, తెగిన అంచుకి సరిగ్గా అతికింది. ఆరో రెక్క.

గొట్టం బిగించి మళ్లీ స్టార్ట్ చేశాను. ధార చిటికెనవేలంత లావుగా డ్రమ్ము దాటి గోడకి కొట్టింది. పావుగంట నడిపాక ధారలో చెయ్యి పెట్టి చూశాను, గోరువెచ్చగా ఉంది. చల్లారాక కొలిస్తే పై సిలిండర్ 106, కిందిది 94. బోర్ అవసరం లేదు. రేపు హెడ్డు బోల్టులు ఇంకోసారి టార్క్ చూడాలి.